పోయిందనుకున్న రక్షణ

తన రక్షణ పోయిందని విలియం కూపర్ 1773లో నమ్మాడు. 1800లో చనిపోయేదాకా ఆ నమ్మకం అతన్ని వదల్లేదు. ఆ ఇరవై ఏడేళ్లలోనే హోమర్ కావ్యాలను ఇంగ్లీషులోకి తెచ్చాడు, ఇంగ్లండు మెచ్చిన కవి అయ్యాడు, కుందేళ్లను సాకాడు, స్నేహితులకు ముచ్చటైన ఉత్తరాలు రాశాడు. ఆరాధనకు మాత్రం వెళ్లలేదు. దేవుడు తనను వదిలేశాడనీ, ఇక తనకు ప్రార్థించే అర్హత కూడా లేదనీ అనుకున్నాడు. అతను రాసిన కీర్తనలు పాడుకుని ఎంతోమంది ఊరట పొందుతూనే ఉన్నారు.

నిజంగా మారుమనస్సు పొందిన విశ్వాసి రక్షణ పోగొట్టుకుంటాడా? క్రైస్తవ లోకంలో ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఎన్నడూ లేదు. మరణకరమైన పాపంతో కృప పోతుందని, పశ్చాత్తాప సంస్కారంతో మళ్లీ దొరుకుతుందని కథోలిక సభ 1547లో ట్రెంట్ సభలో తేల్చింది. అంతకు ముందే, 1530లో, నీతిమంతుడిగా తీర్చబడినవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేడనే వాదాన్ని లూథరన్లు తమ ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో తోసిపుచ్చారు. నెదర్లాండ్స్‌లో ఆర్మీనియస్ అనుచరులు 1610లో ఐదు అంశాల విజ్ఞాపన పెట్టినప్పుడు, ఈ ఒక్క విషయాన్ని లేఖనాల్లో ఇంకా పరిశీలించాలని వదిలిపెట్టారు. 1618 నవంబరులో మొదలైన డోర్ట్ సభ అలా వదల్లేదు. దేవుడు ఎన్నుకున్నవాళ్లు ఘోరంగా పడిపోవచ్చు గానీ చివరికి నశించరని తీర్మానించింది. తర్వాతి శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీకి అది నచ్చలేదు. ఈ ఎన్నిక సిద్ధాంతం దగ్గరే అతనికీ ప్రాణమిత్రుడు వైట్‌ఫీల్డ్‌కీ చెడింది. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే.

మన దగ్గరా అంతే. 1842లో మిషనరీ హేయర్ వచ్చిన గుంటూరు లూథరన్ సంఘం ఒక మాట చెబుతుంది. 1878లో వేలమంది బాప్తిస్మం పొందిన ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టుల్లో చాలామంది ఇంకో మాట చెబుతారు. ఒకరి చేతిలో హెబ్రీ పత్రిక 6వ అధ్యాయపు హెచ్చరిక ఉంటుంది, ఒకరి చేతిలో యోహాను సువార్త 10వ అధ్యాయం. నా మట్టుకు నేను యోహాను వైపే మొగ్గుతాను. అక్కడ గొర్రెలను పట్టుకున్నది కాపరి చెయ్యి. గొర్రె పట్టు ఎంత గట్టిదని ఎవరూ అడగలేదు.

అయితే కూపర్ నమ్మిన సిద్ధాంతం కూడా ఇదే.

ఒక్కడికే మినహాయింపు

కూపర్ ఆరేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నాడు. 1763లో ప్రభువుల సభలో ఉద్యోగానికి పరీక్ష ఇవ్వాల్సివచ్చేసరికి భయంతో మతి చెదిరి, ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో నథానియల్ కాటన్ అనే డాక్టరు నడిపే వైద్యశాలలో చేర్చారు. 1764లో అక్కడే రోమా పత్రిక 3వ అధ్యాయం చదువుతుండగా క్షమాపణ తనదేనని గ్రహించాడు. అతని విశ్వాసం పుట్టింది వైద్యుడి ఇంట్లో! ఈ సంగతి మన సంఘాల్లో గట్టిగా చెప్పాలి.

తర్వాత ఓల్నీ ఊరికి మారాడు. బానిసల ఓడకు కెప్టెన్‌గా పనిచేసి, మారి, బోధకుడైన జాన్ న్యూటన్ అక్కడి గురువు. ఇద్దరి తోటల మధ్య ఒక పళ్లతోట మాత్రమే అడ్డం. కలిసి కీర్తనలు రాశారు. 1773 జనవరి 1న న్యూటన్ తన అమేజింగ్ గ్రేస్ కీర్తనను సంఘానికిచ్చాడు. ఆ నెలలోనే కూపర్ మళ్లీ కూలిపోయాడు. ఫిబ్రవరిలో ఒక కల వచ్చింది. నీ పని అయిపోయింది, నువ్వు నశించావు అన్న తీర్పు అందులో వినిపించింది.

ఎన్నుకున్నవాళ్లను దేవుడు వదలడని కూపర్‌కు తెలుసు. కాబట్టి లోకంలో తానొక్కడే మినహాయింపని తేల్చుకున్నాడు. ఈ తర్కాన్ని ఏ వాక్యంతో ఓడిస్తారు? వాగ్దానం చూపిస్తే అది అందరికీ వర్తిస్తుంది, నాకు తప్ప అంటాడు. హెచ్చరిక చూపిస్తే అది నాకే అంటాడు. జబ్బు తీర్పు ఇస్తోంది, మనిషి దాన్ని దేవుడి గొంతు అనుకుంటున్నాడు.

న్యూటన్ వాదనతో ఆగలేదు. ఆ ఏప్రిల్‌లో కూపర్ న్యూటన్ ఇంటికి వచ్చి, మరుసటి ఏడాది మే దాకా అక్కడే ఉండిపోయాడు. కూపర్ స్నేహితురాలు మేరీ అన్విన్ అతన్ని రాత్రింబవళ్లు కనిపెట్టుకుంది. న్యూటన్ 1780లో లండన్ వెళ్లిపోయాక కూడా ఉత్తరాలు ఆగలేదు. 1799లో సముద్రంలో పడి మునిగిపోయే నావికుడి మీద కూపర్ కవిత రాసి, తాను అంతకన్నా లోతున మునిగానన్నాడు. మరుసటి ఏడాది అతను పోతే, న్యూటన్ సంస్మరణ ప్రసంగానికి మండుతున్నా కాలిపోని పొద గురించిన నిర్గమకాండ వాక్యం తీసుకున్నాడు. స్నేహితుడు తన గురించి ఇచ్చుకున్న తీర్పును ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

హెచ్చరిక ఎవరికి?

"నా రక్షణ పోయిందేమో అయ్యగారూ" అని అడిగేవాళ్లు రెండు రకాలు. ఒకరు తప్పు చేసి, దాన్ని వదలకుండా భరోసా మాత్రం కావాలనేవాళ్లు. వాళ్లకు హెబ్రీ 6 చదివి వినిపించాల్సిందే. రెండోవాళ్లు నిద్రపట్టక, తిండి సయించక, క్షమించరాని పాపం చేశామని వణికేవాళ్లు. వాళ్లకు అదే అధ్యాయం చదివితే గాయం మీద కారం చల్లినట్టే. "నీకు విశ్వాసం చాలదు, ఉపవాసముండు" అని పంపేయడం అంతకన్నా ఘోరం. వాళ్లకు మానసిక వైద్యుడు కావాలి, పక్కన కూర్చునే మనిషి కావాలి, వాళ్లు ప్రార్థించలేని రోజుల్లో వాళ్ల బదులు ప్రార్థించే సంఘం కావాలి.

భయపెట్టే మాటలున్న హెబ్రీ పత్రికలోనే, 3వ అధ్యాయం 13వ వచనంలో, ఎవరూ కఠినపడిపోకుండా ప్రతి దినమూ ఒకరికొకరు బుద్ధి చెప్పుకోవాలన్న ఆజ్ఞ ఉంది. ఆ పత్రిక రాసినాయన మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి నీ రక్షణ ఉందో పోయిందో లెక్క చూసుకోమనలేదు. చివరిదాకా నిలబెట్టే పనిని పక్కనున్న విశ్వాసుల మీద పెట్టాడు, అదీ ఆదివారానికొకసారి కాదు, రోజూ.