విహారపు విడిది: కొనడమా? అద్దెకు తీసుకోవడమా?

మానవుడు సంచారప్రియుడు. నిత్యకృత్యాలతో అలసిన మనస్సు కొత్త చోటును కోరుకుంటుంది. పూర్వం మన పెద్దలు ఆ కోరికను తీర్థయాత్రలతో తీర్చుకొనేవారు. 1830–31 సంవత్సరాలలో చెన్నపట్టణం నుండి కాశికి వెళ్ళి తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య ఆ ప్రయాణ విశేషాలను ‘కాశీయాత్ర చరిత్ర’లో వివరించాడు. ఆనాటి యాత్రికులు సత్రాలలోనో, తోపులలో వేసుకొన్న డేరాలలోనో విడిది చేసి, తెల్లవారగానే ముందుకు సాగిపోయేవారు. విడిది అనే మాటలోనే తాత్కాలికమనే భావం ఉంది. అటువంటి తాత్కాలిక నివాసాన్ని రాబోయే ఇరవై అయిదేళ్ళకు సరిపడా ఇప్పుడే కొని పెట్టుకోవచ్చుననే ఆలోచన ఇరవయ్యవ శతాబ్దంలో పుట్టింది. దానినే టైమ్‌షేర్ అంటారు. అది ఎవరికి లాభమో, ఎవరికి భారమో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

టైమ్‌షేర్ స్వరూపం

టైమ్‌షేర్ అంటే కాలంలో వాటా. ఒక విహారగృహాన్ని ఒక్కరే కొనాలంటే సామాన్యునికి సాధ్యం కాదు. కొన్నా, సంవత్సరంలో ఎక్కువ రోజులు అది తాళం వేసే ఉంటుంది. కనుక ఒకే గృహాన్ని వారాల లెక్కన అనేకులకు పంచితే, ఒక్కొక్కరు తమ వారానికి మాత్రమే ధర చెల్లిస్తే సరిపోతుంది. ఈ ఆలోచన 1960వ దశకంలో ఐరోపాలో, ముఖ్యంగా ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతాలలోని మంచుక్రీడల విడుదులలో రూపుదిద్దుకొంది. ఒకచోట వారం ఉన్నవారు దానిని మరొకచోటి వారంతో మార్చుకొనే వీలు కల్పిస్తూ 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అనే వినిమయ సంస్థ ఏర్పడింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్ సంస్థ, 1996లో మహీంద్రా హాలిడేస్ సంస్థ స్థాపితమై ఈ విధానాన్ని మధ్యతరగతి కుటుంబాలకు పరిచయం చేశాయి.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. మన దేశంలో సాధారణంగా అమ్మేది భూమిని కాదు, భవనాన్ని కాదు. నిర్ణీత కాలం పాటు ఏడాదికి ఇన్ని రోజులు బస చేసే సభ్యత్వాన్ని మాత్రమే అమ్ముతారు. సభ్యుడు పొందేది ఆస్తి కాదు, వినియోగించుకొనే హక్కు. గడువు తీరగానే ఆ హక్కు కూడా తీరిపోతుంది.

ప్రొద్దుటూరు దారిలో

ప్రొద్దుటూరు అనగానే చాలామందికి కడప జిల్లాలో బంగారు వర్తకానికి ప్రసిద్ధి చెందిన పట్టణం స్ఫురిస్తుంది. అదే పేరు గల గ్రామం ఒకటి హైదరాబాదుకు పడమట, రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలంలో ఉంది. చిలుకూరు బాలాజీ దర్శనం చేసుకొన్న నగరవాసులు అక్కడి ఔషధ వనాల మధ్య వెలసిన ప్రగతి రిసార్ట్స్ వంటి చోట్ల ఒక పగలు గడిపి ఇల్లు చేరుతుంటారు.

హైదరాబాదులోని ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి గుమాస్తా, తల్లి గృహిణి, కుమార్తె ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఒక ఆదివారం వారు ప్రొద్దుటూరుకు బయలుదేరారు. మొయినాబాదు పరిసరాలలో దారి పొడుగునా ఫామ్‌హౌస్ స్థలాల ప్రకటనలు కనిపించాయి. “ఇక్కడే కొంత స్థలం కొని చిన్న ఇల్లు కట్టుకుంటే?” అన్నాడు తండ్రి. అయితే ఇక్కడ స్థలం కొనేవారు బేరంతో పాటు చట్టాన్ని కూడా చూసుకోవాలి. 1908 మూసీ వరదల అనంతరం నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ ఉత్తర్వును జారీ చేసి, 84 గ్రామాలలో నిర్మాణాలపై కఠినమైన ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలించింది. కనుక కొనదలచిన స్థలం ఏ నిబంధన కిందికి వస్తుందో విచారించకుండా సొమ్ము చెల్లించరాదు.

“స్థలం మన వల్ల కాదు కానీ, నిన్న ఫోనులో చెప్పిన సభ్యత్వం సంగతి ఏమిటండీ?” అని అడిగింది తల్లి. వారి పేరు బహుమతికి ఎంపికైందనీ, దంపతులిద్దరూ కలిసి నగరంలోని ఒక హోటలుకు వచ్చి అందుకోవాలనీ ఎవరో పిలిచారు. వెళ్ళగా, రెండు గంటల సేపు కొండల బొమ్మలూ కడలి బొమ్మలూ చూపి, నాలుగు లక్షల రూపాయలకు ఇరవై అయిదేళ్ళ సభ్యత్వమనీ, ఈ ధర ఆ ఒక్క రోజుకేననీ చెప్పారు. తండ్రి ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాడు. ఇంట్లో ఉన్న నాలుగు లక్షలు కుమార్తె పైచదువుకని కూడబెట్టినవి.

కాగితం మీద లెక్క

కుమార్తె కాగితం, కలం తీసుకొంది. ఆమె వేసిన లెక్కను మనమూ పరిశీలిద్దాం. సభ్యత్వపు రుసుము 4,00,000 రూపాయలు. నిర్వహణ రుసుము ఏటా 18,000 అనుకుంటే ఇరవై అయిదేళ్ళకు 4,50,000. మొత్తం 8,50,000. అదే స్థాయి గదిని రోజుకు 6,000 చొప్పున అద్దెకు తీసుకుంటే వారానికి 42,000. ఇరవై అయిదు వారాలకు 10,50,000. అంటే ప్రతి ఏడూ తప్పక వెళ్ళే కుటుంబానికి సభ్యత్వం వల్ల రెండు లక్షలు మిగులుతాయి. అమ్మేవారు చూపే లెక్క ఇదే. ఇందులో అబద్ధం లేదు.

అయితే ఇరవై ఏళ్ళు మాత్రమే వెళ్ళగలిగితే? అద్దె 8,40,000 అవుతుంది. సభ్యత్వపు ఖర్చు మాత్రం 8,50,000 గానే ఉంటుంది. వెళ్ళినా, వెళ్ళకపోయినా నిర్వహణ రుసుము కట్టక తప్పదు కదా! పదేళ్ళే వెళితే అద్దె 4,20,000 తో సరిపోతుంది. సభ్యునికి ఒక్కొక్క వారానికి 85,000 పడుతుంది. ధరలు పెరిగితే అద్దెకుండేవానికి బరువు. ముందుగా కట్టిన సొమ్ముపై వడ్డీ పోవడం సభ్యునికి నష్టం. ఈ రెండూ చాలావరకు ఒకదానికొకటి చెల్లుపోతాయి కనుక ఆమె వాటిని లెక్కలో చేర్చలేదు. సభ్యత్వాన్ని వాయిదాలపై తీసుకుంటే ఆ వడ్డీ అదనం. నిర్వహణ రుసుము అద్దెల కంటె వేగంగా పెరిగితే భారం మరింత అధికం.

“నాన్నా, గడచిన అయిదేళ్ళలో మనం వారం రోజులు ఊరు విడిచి వెళ్ళింది ఎన్నిసార్లు?” అని అడిగింది ఆమె. తండ్రి వేళ్ళు ముడిచి చూసుకొన్నాడు. ఒక ఏడు నాయనమ్మకు జబ్బు. ఒక ఏడు మేనత్త కుమార్తె పెళ్ళి. మరి రెండేళ్ళు అమ్మాయి పరీక్షలు. వెళ్ళింది ఒక్కసారే. అతడు ఇంకేమీ మాట్లాడలేదు.

లెక్కకు అందని విషయాలు

సభ్యత్వాలలో కాలాన్ని సీజన్లుగా విభజించి, వాటికి రంగుల పేర్లు పెట్టే ఆచారం ఉంది. రద్దీ కాలానికి ధర ఎక్కువ. తక్కువ ధరకు కొన్నవారికి వేసవి సెలవులలో గది లభించదు. విద్యార్థులున్న ఇళ్ళన్నీ ఒకే నెలలో బయలుదేరుతాయి కనుక నెలల ముందే గదిని కోరుకోవాలి. ప్రయాణం, భోజనం ఖర్చులు వేరు. మధ్యలో సభ్యత్వాన్ని అమ్ముకోదలిస్తే కొన్న ధర రావడం దుర్లభం.

అద్దెకుండేవారికి ఈ చిక్కులు లేవు గానీ, వేరే ఇబ్బందులున్నాయి. పండుగల రోజులలో అద్దె రెట్టింపు కావచ్చు. కోరిన గది దొరకకపోవచ్చు. ఏటా క్రమం తప్పక సెలవు లభించేవారికి, వంటగది గల విశాలమైన వసతిని కోరుకొనే పెద్ద కుటుంబాలకు, నెలల ముందే ప్రణాళిక వేసుకొనే అలవాటు గలవారికి సభ్యత్వం అనుకూలమే. ముందే సొమ్ము కట్టినందువల్లనైనా విహారానికి వెళతామనేవారూ ఉన్నారు. ఆ మాటనూ తీసిపారవేయలేము.

కొనుగోలుదారునికి రక్షణ

ఐరోపా సంఘం 2008 నాటి ఆదేశం ద్వారా టైమ్‌షేర్ కొన్నవారు 14 రోజులలో కారణం చెప్పకుండానే ఒప్పందం నుండి వైదొలగే హక్కును కల్పించింది. మన దేశంలో ఇటువంటి వివాదాలకు వినియోగదారుల రక్షణ చట్టం ఆధారం. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా వివాదం తలెత్తిన రెండేళ్ళలోగా చేయాలి. సలహా కోసం 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చు. అయినా, సంతకం చేసిన తరువాత చేసే పోరాటం కంటె, సంతకానికి ముందు ఒప్పందాన్ని ఇంటికి తెచ్చుకొని చదవడం మేలు. నోటిమాటగా ఇచ్చిన ప్రతి హామీని కాగితంపై వ్రాయించుకోవాలి. రద్దు గడువు ఎన్ని రోజులో, రద్దు చేసుకొంటే ఎంత తిరిగి వస్తుందో అడిగి తెలుసుకోవాలి. ఈ రోజే కొనాలని తొందరపెట్టే బేరాన్ని రేపటికి వాయిదా వేయడం వివేకం.

ముగింపు

ఆ సాయంత్రం ప్రొద్దుటూరు నుండి తిరిగివచ్చిన కుటుంబం సభ్యత్వం తీసుకోరాదని నిశ్చయించుకొంది. అది మంచి వస్తువు కాదని కాదు. తమ జీవితానికి తగినది కాదని. నాలుగు లక్షలు చదువుకే ఉన్నాయి. విహారం కూడా ఆగలేదు. వచ్చే సెలవులకు అరకులో మూడు రోజుల గదిని అద్దెకు తీసుకోవాలని తల్లి చెప్పగా అందరూ ఒప్పుకొన్నారు.

దీర్ఘకాలపు కొనుగోలు ఏదైనా భవిష్యత్తును గూర్చిన ఒక ఊహయే. ధర చౌకయా, ప్రియమా అని అడిగే ముందు, ‘ఇన్నేళ్ళలో దీనిని నేను ఎన్నిసార్లు వాడగలను?’ అని తనను తాను ప్రశ్నించుకోవాలి. దానికి సమాధానం అమ్మేవాని ప్రకటనలో దొరకదు. తాను గడిపిన సంవత్సరాలలోనే వెదకుకోవాలి.