అమ్మను అడిగినదెవరు?

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. ఆ యమ్మకే సాయము కావలసివచ్చిన దినమున ఆమెను అడుగువారెవరు? నెలలు నిండక పుట్టిన బిడ్డను ఆసుపత్రిలో నుంచి, ఇంక్యుబేటరు ప్రక్కన కూర్చున్న తల్లిని గూర్చి మేమీ ప్రశ్న వేయుచున్నాము.

ఇది ఏ కొలదియిండ్ల వ్యథయో కాదు. 37 వారములు నిండకమునుపు జన్మించిన శిశువులు 2020లో ప్రపంచమున సుమారు 1 కోటి 34 లక్షలు. అందు దాదాపు 30 లక్షలమంది మన దేశమున పుట్టినవారే. అట్టి శిశువు బరువును గ్రాములలో తూచెదము; పాలను మిల్లీలీటర్లలో కొలిచెదము; శ్వాసను యంత్రము లెక్కించును. తల్లికి దొరకుచున్న ఆదరువెంతయో కొలుచుట మాత్రము మనకింకను అలవడలేదు.

కొలుచుటకేమున్నది, మా యింట బంధువులకు కొదువయా యని కొందరు పెద్దలనవచ్చును. ఆసుపత్రి వసారాలో పదిమంది యుండుట వేఱు. వారివలన తల్లికి ధైర్యము కలుగుట వేఱు. ‘గ్రహణమునాడు బయటికేల వచ్చితివి’ అని నిందించు పదిమందికంటె, వేడియన్నము తెచ్చిపెట్టి, ఇంటనున్న పెద్దబిడ్డ క్షేమము చెప్పు ఒక్కరు మేలు. కాన్పు బడలిక తీరకమునుపే రెండు మూడు గంటలకొకమారు పాలు పిండి యీయవలసిన బాలింత యామె. పలుమారు ఆమెను ఇంటికి పంపి, బిడ్డను మాత్రము ఆసుపత్రిలోనే యుంచుదురు. ఒట్టిచేతులతో గడప త్రొక్కిన ఆ తల్లి మనస్సు పదిమందిలోను ఒంటరిదే.

ఈ యాదరువును కొలుచుటకు సాధనములు లేకపోలేదు. 1988లో అమెరికాలో జిమెట్, ఆయన సహచరులు ప్రకటించిన కొలమానమున 12 వాక్యములు గలవు. కుటుంబము, స్నేహితులు, తనకు ముఖ్యుడైన యొక వ్యక్తి, వీరివలన అందు సాయమును గూర్చి ఒక్కొక్క వాక్యమునకు ఏడు మెట్లలో ఒకదానిని ఎంచి చెప్పవలెను. ఆసుపత్రిలోనున్న బిడ్డల తల్లిదండ్రులకై మార్గరెట్ మైల్స్ మొదలగువారు వేఱొక ప్రశ్నావళిని కూర్చిరి. నర్సులు బిడ్డ స్థితిని తెలిపిరా, ఊరడించిరా, తల్లిగా గౌరవించిరా, బిడ్డను శ్రద్ధగా చూచిరా యని అది అడుగును. ఈ రెంటియందును ముఖ్యమైనదొక్కటే: ఇచ్చితిమని చెప్పుకొనువారి మాట కాదు, అందినదని భావించువారి మాటయే ప్రమాణము.

అయితే పరదేశపు కొలతను తెచ్చి అట్లే వాడరాదు. అత్తగారి యెదుట అడిగినచో మన కోడలు ‘అందఱును బాగుగనే చూచుచున్నారు’ అనును. ఏకాంతమున, తెలుగున, చదువురానివారికి చదివి వినిపించి అడుగవలెను. క్రొత్తగా కాపురమునకు వచ్చిన యూరిలో ఆమెకు స్నేహితురాండ్రు లేకపోవచ్చును. పుట్టింటి తల్లిని, అక్కచెల్లెండ్రను, ఊరి ఆశా కార్యకర్తను ప్రశ్నలలో చేర్చవలెను. ఒక్కమారడిగిన చాలదు. మొదటివారమున ప్రాణభయము, పిమ్మట ఖర్చుల చింత, ఇంటికి పోవునాడు ఈ బిడ్డను పెంచగలనా యను దిగులు.

ఇది దయాధర్మము మాత్రమే కాదు, చికిత్సయందొక భాగము. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున డాక్టరు ఎడ్గార్ రే ప్రారంభించిన కంగారూ పద్ధతిలో తల్లి రొమ్మే బిడ్డకు వెచ్చదనము. 1 కిలో మొదలు 1.8 కిలోల లోపు బరువుగల శిశువులకు పుట్టినవెంటనే దీనిని ఆరంభించినచో, స్థితి కుదుటబడువఱకు ఆగుటకంటె తొలి 28 దినముల మరణములు 25 శాతము తగ్గినవని, మన దేశముతో కూడిన ఐదు దేశములలో జరిపి 2021లో ప్రకటించిన పరిశోధన తెల్పినది. తల్లి రేయింబవళ్లు బిడ్డను రొమ్మున మోయవలెనన్న ఆమెకు మంచము, భోజనము, అలసినపుడు బిడ్డను అందుకొను చేయి కావలదా?

మేము కోరునది ఘనకార్యమేమియు గాదు. బిడ్డ బరువు వ్రాయు కాగితముననే తల్లి చెప్పిన మాటకొక వరుస యుండవలెను. అందు కొఱత కనిపించిన దినమే దానిని తీర్చుటకొకరు బాధ్యులు కావలెను. కొలిచి ఊరకుండుట కొలువకుండుటకంటె పాపము. ఇక భర్తలును మామలును అగు మన పాఠకులు ఆ కాగితమునకై వేచియుండనేల? నేడే పోయి, ‘అమ్మా, నీకేమి కావలెను?’ అని యడుగుడు; ఆమె చెప్పి ముగించువఱకు వినుడు.