వలిసెపైరు: తేనెటీగలు, బంగారుతీగ

కార్తికమాసమున అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతముల కొండవాలులు పసుపు ఆరబోసినట్లుండును. అవి వలిసెపూలు. వలిసెలకే వెఱ్ఱినువ్వులని నామాంతరము. పేరునుబట్టి నువ్వులజాతియని తలంతురు గాని, ఇది చేమంతి, పొద్దుతిరుగుడు పూల కుటుంబమునకు జెందినది. దీని పుట్టినిల్లు ఇథియోపియా దేశము. అచట దీనిని నూగ్ అందురు. దీని సమీపజాతి యొకటి అచటి కొండలయందు నేటికిని అడవిమొక్కగా బెరుగుచున్నది.

మనమును దీనిని అడవిమొక్కవలెనే చూచుచున్నాము. మంచినేల నితరపంటల కిచ్చి, మిగిలిన గులకనేలలో విత్తనము చల్లి, మరల కోతనాడు గాని చేనికి బోము. గింజలో నూటికి 35 మొదలు 40 పాళ్లవఱకు నూనె గలదు. గానుగచెక్క పశువులకు మంచిమేత. 2025-26 సంవత్సరమునకు భారతప్రభుత్వము క్వింటాలునకు 9,537 రూపాయల కనీస మద్దతుధర నిర్ణయించినది. ఇట్టి పంట దిగుబడి తగ్గుటకు రైతులు నేలను, వానను నిందింతురు. చూడవలసినవి వేఱు రెండు గలవు.

మొదటిది తేనెటీగ. వలిసెమొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టజాలదు. వేఱొక మొక్క పుప్పొడి దానికి జేరవలెను. ఆ పని ముఖ్యముగా తేనెటీగలది. అవి చాలినన్ని లేనిచోట చేనెంత విరియబూసినను తాలుగింజ లెక్కువగును. కావున తేనెకొఱకు పట్టును తగులబెట్టువాడు తన చేని గింజను, పొరుగువాని చేని గింజను గూడ పోగొట్టుచున్నాడు. పూతకాలమున పురుగుమందు చల్లరాదు. చెట్టుతొఱ్ఱలలో నుండు చిన్నజాతి యీగలను పెట్టెలలో పెంచి, పూతవేళ చేలదాపున నుంచినచో తేనెయు దక్కును. ఒక్కని చేనికి వచ్చిన యీగ పదిమంది చేలకును బోవును గావున, పెట్టెల ఖర్చును సంఘసభ్యులు కలసి భరించుట న్యాయము.

రెండవది బంగారుతీగ. దీనికి ఆకులేదు, మొలచిన కొలదిదినములకే నేలలోని వేరు నశించును. పిమ్మట పసుపుదారములవలె వలిసెమొక్కను జుట్టుకొని దాని రసమునే పీల్చి బ్రదుకును. దీని గింజలు భూమిలో ననేక సంవత్సరములు చావక యుండును. ఇది చేనికి వచ్చు ముఖ్యమార్గము మన విత్తనమే. అమెరికాలో పిట్టల మేతకై వలిసెలు కొందురు. అయినను ఇట్టి కలుపుగింజలకు జడిసి, సరకును 120 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 15 నిమిషములు కాచిన గాని దేశములోనికి రానీయరు. పరదేశమువారు పిట్టలమేతకు దీసికొను శ్రద్ధ మనము విత్తనమునకు దీసికొనవలదా?

బంగారుతీగ గింజ గుండ్రనిది, వలిసెగింజకంటె మిక్కిలి చిన్నది. సన్ననిజల్లెడ బట్టినచో చాలభాగము రాలిపోవును. చేనిలో తీగ కనబడినచో, అది పూయకమునుపే చుట్టుకొన్న మొక్కలతోగూడ పెఱికి కాల్చవలెను. తీగను మాత్రము లాగిన ప్రయోజనము లేదు, మిగిలిన తునుక మరల నల్లుకొనును. విస్తారముగా బట్టిన నేలలో కొన్ని యేండ్లు వలిసెలు మాని చోళ్లు, సామలు వేయుడు. గడ్డిజాతి పైరులను ఈ తీగ పట్టదు.

విత్తు వెదజల్లుటకు ఎకరమునకు రెండుమూడు కిలోలు చాలును. గింజ సన్నము గావున ఇసుకతోగాని మెత్తని పశువుల యెరువుతోగాని కలిపి చల్లిన సమముగా పడును. ఆగస్టు, సెప్టెంబరు మాసములు అదను.

పూతకాలమున పట్టణములనుండి వచ్చువారు ఫోటోలకై చేలలో దిగి మొక్కలను త్రొక్కుచున్నారు. కొన్నిచోట్ల రైతులు వారియొద్ద కొంత రుసుము వసూలు చేయుచున్నారు. అది తప్పు గాదు. గట్టునకు దగ్గఱ కొంతచోటు వారికి విడిచి, తక్కినచేనికి కంచె కట్టుట మేలు.

ఆకులెండి పూగుత్తులు నల్లబడగానే కోయవలెను. ఆలసించిన గింజ రాలును. కోసినదానిని కుప్పవేసి, ఎండిన పిదప కఱ్ఱలతో కొట్టి నూర్చుడు. వలిసెనూనె నిలువయుంచిన త్వరగా కంపెక్కును గావున, గింజనే బాగుగా నెండించి దాచి, వాడుకకు దగినంత అప్పుడప్పుడు గానుగాడించుకొనవలెను.