వాగ్దానమునకు వెల కట్టుట యెట్లు?

సార్వా నాటుటకు పూర్వమే విత్తనము, దమ్ము, ఊడ్పు, ఎరువు, కోత, నూర్పిడి ఖర్చు ఇంత యగునని అంచనా వేసికొనని రైతు మన నగరము, రేపల్లె, తెనాలి, బాపట్ల ప్రాంతములలో లేడు. సహకార సంఘములును ఏటేట రాబడి వ్యయముల అంచనాను మహాజనసభ యెదుట పెట్టుచుండును. రాజ్యాంగము 202వ అధికరణము ప్రకారము రాష్ట్ర ప్రభుత్వము సైతము ప్రతి వత్సరము అట్టి అంచనాను శాసనసభ ముందుంచవలయును. అయినను క్రొత్త పన్నుగాని, క్రొత్త సాయముగాని ప్రకటింపబడినప్పుడు “దీని వెల యెంత?” యని అడుగు అలవాటు మనలో తక్కువ. ఆ వెల కట్టు విధమును సభ్యులకు తెలియజేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదటి మెట్టు సులభము. పొందువారి సంఖ్యను ఒక్కొక్కరికిచ్చు సొమ్ముచే హెచ్చవేయవలయును. 2019 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము కిసాన్ సమ్మాన్ నిధిని ప్రకటించెను. చిన్న, సన్నకారు రైతు కుటుంబములు సుమారు 12 కోట్లు. ఒక్కొక్క కుటుంబమునకు సాలుకు రూ. 6,000, మొత్తము రూ. 72,000 కోట్లు. బడ్జెట్‌లో 2019-20 సంవత్సరమునకు రూ. 75,000 కోట్లు కేటాయించిరి. తరువాత కొన్ని మినహాయింపులతో భూమిగల రైతులందరికిని దీనిని వర్తింపజేయగా సంఖ్య 14.5 కోట్లకును, అంచనా రూ. 87,000 కోట్లకు పైగాను పెరిగెను. కాని ఆ సంవత్సరము నిజముగా వ్యయమైనది సుమారు రూ. 48,700 కోట్లు మాత్రమే. పేర్లు నమోదు కాకపోవుట, ఆధార్, బ్యాంకు ఖాతాల వివరములు సరిపోలకపోవుట, పశ్చిమ బెంగాలు అప్పటికి ఈ పథకములో చేరకపోవుట ఇందుకు కారణములు. కావున హెచ్చవేత సరిగా నున్నంత మాత్రమున అంచనా సరియైనదని తలపరాదు; పొందవలసినవారిలో ఎందరు నిజముగా పొందుదురో కూడ చూడవలయును.

రెండవ మెట్టు షరతులు. 2014లో ఆంధ్రప్రదేశమున రైతు ఋణమాఫీ వాగ్దానము వెలువడినప్పుడు బ్యాంకులలోనున్న వ్యవసాయ ఋణములు మొత్తము రూ. 87,612 కోట్లని లెక్క తేలెను. కోటయ్య సంఘము విచారించిన పిమ్మట కుటుంబమునకు లక్షన్నర రూపాయల పరిమితి విధింపబడెను. పంటఋణములకు సంబంధించిన ఇతర నిబంధనలును చేరగా భారము సుమారు రూ. 24,500 కోట్లకు దిగెను. “ఋణమాఫీ” యను మాట ఒక్కటే. వెల మాత్రము మూడవ వంతుకంటె తక్కువ! కావున మాటను విని వెల కట్టరాదు, షరతులను చదివి కట్టవలయును. అదియును గాక, రూ. 50,000 మించిన ఋణములకు సొమ్మును వాయిదాలపై నిచ్చుటకు ఏర్పాటు చేసిరి. నాలుగవ, అయిదవ వాయిదాలు మిగిలియుండగా 2019లో ప్రభుత్వము మారి, ఆ ఉత్తరువు రద్దయ్యెను. పలు వత్సరములకు వ్యాపించు వాగ్దానమునకు తొలి సంవత్సరపు ఖర్చునుమాత్రమే చూచుట, మొదటి కిస్తునే చూచి అప్పు పుచ్చుకొనుట వంటిది.

మూడవ మెట్టు పన్ను. నీటి తీరువను ఎకరమునకు రూ. 100 పెంచినచో, పదివేల ఎకరముల ఆయకట్టునుండి పది లక్షలు వచ్చునని కాగితముపై లెక్క. కాని డిమాండు వేరు, వసూలు వేరు, బాకీ వేరని జమాబందీ నెరిగిన రైతుకు చెప్పనక్కరలేదు. పన్ను మారినప్పుడు జనుల నడవడియు మారును; ఒక చోట తగ్గిన రాబడిని మరియొక చోట పూడ్చవలసి వచ్చును. రాజగోపాలాచారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించి, తరువాత చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. అబ్కారీ రాబడి తగ్గెను. ఆ లోటును పూడ్చుటకై 1939లో మద్రాసు రాష్ట్రమున అమ్మకపు పన్ను శాసనమును చేసిరి. కల్లు ముట్టనివాడును అంగడిలో ఆ లోటులో కొంత భాగమును చెల్లించెను. 1995లో ఆంధ్రప్రదేశమున విధించిన మద్యనిషేధమును 1997లో సడలించుటకును రాబడి లోటు ఒక ముఖ్య కారణము. నిషేధము మంచిదా, చెడ్డదా యను విచారణ వేరు. మంచిపనికైనను వెల కలదనియే మేము చెప్పునది.

నాలుగవ మెట్టు మనకు మిక్కిలి ముఖ్యమైనది: లెక్కలోనికి రానివారెవరు? 2025 ఆగస్టు 2వ తేదీన అన్నదాత సుఖీభవ మొదటి వాయిదాగా రాష్ట్రప్రభుత్వము 46,85,838 మంది రైతులకు రూ. 5,000 చొప్పున సుమారు రూ. 2,343 కోట్లు విడుదల చేసెను. రాష్ట్రపు వంతు సాలుకు రూ. 14,000 గావున, ఇదే సంఖ్యకు ఏడాది వ్యయము సుమారు రూ. 6,560 కోట్లగును. ఇట్టి లెక్కలకు భూమి రికార్డులే మూలము. కాని మన డెల్టాలో ఎన్నియో పొలములను దున్నువాడు ఒకడు, పట్టా కలవాడు మరియొకడు. 2019 నాటి పంటసాగుదారు హక్కుల చట్టము ప్రకారము కౌలుదారునకు పదునొకండు మాసముల కార్డు దొరకవలెనన్నను, భూస్వామి సంతకము కావలయును. పెక్కుమంది ఆ సంతకమునకు జంకుదురు. కార్డులేని కౌలుదారు అంచనాలో లేడు. అంచనాలో లేనివానికి బడ్జెట్‌లో సొమ్మును లేదు. ఒక లక్ష కౌలు కుటుంబములకు రూ. 20,000 చొప్పున ఇచ్చుటకు రూ. 200 కోట్లు కావలయును. ఈ పథకపు వెల తక్కువగా కనబడినచో, అది పొదుపు వలననా, లేక పెట్టుబడి పెట్టి చెమటోడ్చినవానిని విడిచిపెట్టుట వలననా యని విచారింపవలయును.

సంఘ సభ్యులకు మరియొక హెచ్చరిక. వడ్డీ రాయితీ యన్నను ఖర్చే. 7 శాతము వడ్డీపై లక్ష రూపాయల పంటఋణమునకు ఏడాది వడ్డీ రూ. 7,000. గడువులో చెల్లించినవారికి కేంద్రము 3 శాతము తగ్గింపగా రూ. 4,000 మిగులును. దానిని రాష్ట్రము భరించుటయే సున్నవడ్డీ. ఆ సొమ్ము ఆలస్యమైనచో భారము మాయమగదు. ఆ వ్యవధిలో రైతుమీదనో, సంఘముమీదనో నిలుచును.

అమెరికాలో 1974లో స్థాపింపబడిన కాంగ్రెసు బడ్జెట్ కార్యాలయము ఏ పక్షమునకును చెందక, శాసన ప్రతిపాదనల వెలను లెక్కించి ప్రకటించుచున్నది. మన దేశమున 2022 అక్టోబరులో ఎన్నికల సంఘము, పార్టీలు తమ వాగ్దానములకు అగు వ్యయమును, ధనము వచ్చు మార్గమును తెలుపవలెనని ప్రతిపాదించెను. అట్టి లెక్కను అడుగుటకు మనము ఎవరి ఉత్తరువు కొరకును వేచియుండ నక్కరలేదు. ఓటు అడుగవచ్చినవారిని ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: ఎందరికి? ఏ షరతులపై? ఎన్ని వత్సరములు? సొమ్ము ఎవరి యొద్దనుండి? పిమ్మట అయిదవదిగా, పొలము దున్నువాడు అందులో ఉన్నాడా యని అడుగుడు. వీనికి సమాధానము చెప్పగలిగిన వాగ్దానమును నమ్ముటకు ఆధారము కలదు. చెప్పలేనిది విత్తనము లేని వరిమడి వంటిదని సభ్యులు గ్రహింతురు గాక.