బిందు సేద్యపు పైపులు – రసాయనాల ప్రభావం

బిచ్కుంద (కామారెడ్డి జిల్లా): ఉమ్మడి రాష్ట్రంలో 2003 నవంబరులో సూక్ష్మ నీటి పారుదల పథకం ప్రారంభమైన నాటి నుండి బోరుబావుల కింద బిందు సేద్యం విస్తరించింది. డ్రిప్పర్లు మూసుకుపోయినా, పైపు పగిలినా అది నాసిరకమని భావించడం పరిపాటి. అయితే పలు సందర్భాలలో లోపం పైపులో కాక, అందులో పంపిన రసాయనంలో ఉంటుంది. ఈ వ్యత్యాసం తెలియని పక్షంలో రైతు కొత్త పైపులు కొన్నా నష్టం పునరావృతమవుతుంది.

ప్రధాన పైపులు పి.వి.సి.తోను, మొక్కల వరుసల వెంట పరచే లేటరల్ పైపులు పాలిథిలిన్‌తోను తయారవుతాయి. ఈ రెండూ పలుచని ఆమ్లాలను తట్టుకుంటాయి. సేంద్రియ ద్రావకాలను మాత్రం అదే విధంగా తట్టుకోలేవు. పి.వి.సి. పైపులను అతికించే సొల్యూషన్ పని చేసేది పైపు ఉపరితలాన్ని కరిగించడం వల్లనే. జైలీన్ వంటి ద్రావకం గల ఇ.సి. రకం పురుగు మందును గాఢంగా పంపిన యెడల పైపులు, రబ్బరు వాషర్లు ఉబ్బి మెత్తబడే ప్రమాదం ఉంది.

ప్లాస్టిక్ అన్న పేరు ఒక్కటే అయినా గుణాలు వేరు. శీతల దేశాలలో నీరు గడ్డకట్టకుండా పైపులలో గ్లైకాల్ కలుపుతారు. పాలిథిలిన్ దానిని తట్టుకోగా, అగ్నిమాపక స్ప్రింక్లర్లకు వాడే సి.పి.వి.సి. పైపులు ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల పగలవచ్చు. అందుచేత వాటికి గ్లిజరిన్ ద్రావణాన్ని సూచిస్తారు.

ఉప్పునీటి వల్ల డ్రిప్పర్లలో పేరుకున్న సున్నపు పొరను ఆమ్ల చికిత్సతో తొలగించవచ్చు. పైపులలోని నీటి పి.హెచ్. 4కు తగ్గే వరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పంపి, 24 గంటలు నిలువ ఉంచి, పిదప లేటరల్ చివరలు తెరచి కడగవలెను. ఇందువల్ల ప్లాస్టిక్ పైపు కంటే ఇనుప, ఇత్తడి భాగాలకే హాని ఎక్కువ. ఆమ్లాన్నే నీటిలో పోయవలెను. నీటిని ఆమ్లంలో పోయరాదు. నాచు నివారణకు బ్లీచింగ్ పౌడరు ద్రావణం ఉపకరిస్తుంది. దీనిని ఆమ్లంతో ఎట్టి పరిస్థితులలోను కలుపరాదు. వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణాపాయకరం.

కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్, సల్ఫేట్ ఎరువులతో ఒకే తొట్టిలో కలిపిన యెడల తెల్లని అవక్షేపం ఏర్పడి డ్రిప్పర్లను మూసివేస్తుంది. ముందుగా వాడబోయే మోతాదులోనే గాజు సీసాలో కలిపి చూడవలెను. ద్రావణం తెల్లబారినా, అడుగున మడ్డి చేరినా ఆ రెండింటినీ వేర్వేరు రోజులలో పంపవలెను.

పైపుల ఫిర్యాదు అందినప్పుడు ఏ రసాయనం, ఎంత గాఢతలో పంపినదీ మొదట విచారించవలసిందిగా క్షేత్ర స్థాయి అధికారులను, ఈ జాగ్రత్తలకు విస్తృత ప్రచారం కల్పించవలసిందిగా పాత్రికేయులను కోరడమైనది.