ఆయిల్ గేజ్ ముల్లు సున్నాకి పడిందా? తప్పు గేజ్‌దా, ఇంజన్‌దా ఇలా తేల్చుకోండి

మా చిన్న మామూ దగ్గర ఒక పాత అంబాసిడర్ ఉండేది. దాని ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు బండి వేడెక్కగానే సున్నాకి పడిపోయేది. మొదటిసారి అందరూ కంగారుపడ్డారు. మెకానిక్ చూసి, ఇంజన్ బాగానే ఉంది, సెన్సర్ పోయింది, మార్చుకోండి అన్నాడు. "సెన్సరే కదా, తర్వాత చూద్దాంలే" అన్నారు మామూ. ఎనిమిది నెలలు గడిచాయి. ముల్లు పడటం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

ఒక రోజు కర్నూలు నుంచి కడపకు వలీమాకని బయల్దేరాం. ఆళ్లగడ్డ దాటాక ముల్లు మళ్ళీ పడింది. "మామూ, చూడండి" అంటే, "అది ఎప్పుడూ అంతేలే బేటా" అన్నారు. ఈసారి మాత్రం ముల్లు నిజమే చెప్పింది. కింద డ్రెయిన్ బోల్టు వదులై ఆయిల్ అంతా దారిలోనే కారిపోయింది. కాసేపటికి ఇంజన్ టకటకమని మోగి, ఒక్కసారిగా పట్టేసింది. వందల్లో అయిపోయే సెన్సర్ పని వాయిదా వేసినందుకు ఇంజన్ పనికి వేలకు వేలు పెట్టాల్సి వచ్చింది.

అందుకే ఈ వ్యాసం. పాత అంబాసిడర్, జీపు, వ్యాను ఏదైనా ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకసారి చదివి పెట్టుకోండి.

గేజ్ చెప్పేదేమిటి?

ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో ఈ గేజ్ చెప్పదు. దానికి డిప్‌స్టిక్ ఉంది. పంపు నెట్టిన ఆయిల్ క్రాంక్ షాఫ్ట్ బేరింగులకు ఎంత ఒత్తిడితో చేరుతోందో గేజ్ చెబుతుంది. ఆ ఒత్తిడి వల్లే షాఫ్ట్‌కీ బేరింగుకీ మధ్య పల్చటి ఆయిల్ పొర నిలబడుతుంది. పొర పోతే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఆ తర్వాత ఇంజన్ పాడవడానికి గంటలు అక్కర్లేదు, నిమిషాలు చాలు.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ముల్లు పైకి ఉంటుంది. వేడెక్కాక కిందికి దిగుతుంది. ఇది మామూలే. మెకానిక్‌లు వాడే ఒక మోటు లెక్క ఉంది: ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్‌ఐ ఉండాలి. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. కొన్ని గేజ్‌ల మీద కేజీల లెక్క ఉంటుంది. 1 కేజీ అంటే దాదాపు 14 పీఎస్‌ఐ.

ముల్లు పడితే ముందు చేయాల్సింది

బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. "ఊరు దగ్గరే కదా, వెళ్ళిపోదాం" అనుకోవద్దు. తప్పు గేజ్‌దా, ఇంజన్‌దా అన్నది తేలేవరకు తప్పు ఇంజన్‌దే అనుకోవాలి.

* ఐదు నిమిషాలు ఆగి, చదునైన చోట డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ పెట్టి చూడండి. కింది గీతకంటే తక్కువ ఉంటే ఆయిల్ పోయకుండా స్టార్ట్ చేయొద్దు.
* ఆయిల్ పాలు కలిసిన టీలా ఉంటే అందులో నీళ్ళు కలిశాయి. పెట్రోలు వాసన వస్తే ఆయిల్ పల్చబడింది. రెండింట్లోనూ ఇంజన్‌దే లోపం.
* బండి కిందకు వంగి చూడండి. ఫిల్టర్ దగ్గర, డ్రెయిన్ బోల్టు దగ్గర కారుతోందా?
* ముల్లు పడినప్పుడు టాపెట్ల చప్పుడు గానీ, లోపలినుంచి దడదడమనే శబ్దం గానీ వచ్చిందా? వస్తే ఇక స్టార్ట్ చేయొద్దు. తాడు కట్టి లాగించుకోవడమే.

ఆయిల్ నిండుగా ఉంది, కారడం లేదు, ఏ చప్పుడూ లేదు అంటే అప్పుడు గేజ్‌ను అనుమానించవచ్చు.

మీ గేజ్ ఏ రకం?

డ్యాష్‌బోర్డు వెనక చూడండి. గేజ్‌లోకి సన్నటి రాగి గొట్టమో, ప్లాస్టిక్ గొట్టమో వస్తుంటే అది మెకానికల్ రకం. ఆయిల్ నేరుగా గేజ్ దాకా వస్తుంది. వైర్లు మాత్రమే ఉంటే ఎలక్ట్రిక్ రకం. దీనికి ఇంజన్ బ్లాకు మీద సెన్సర్ ఉంటుంది. కొన్ని బండ్లలో గేజ్ ఉండదు, ఎర్ర లైటు ఒక్కటే ఉంటుంది.

ఎలక్ట్రిక్ గేజ్ పరీక్ష

దీనికి ఒక ముక్క వైరు చాలు. ఇంజన్ స్టార్ట్ చేయొద్దు, తాళం మాత్రం ఆన్ చేయండి.

1. సెన్సర్ మీది వైరు ఊడదీయండి. ముల్లు ఎక్కడుందో లోపలినుంచి ఒకరు చూడాలి.
2. ఆ వైరు కొసను ఇంజన్ ఇనుముకు తాకించండి. ముల్లు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళాలి. ఏ వైపు వెళ్ళాలన్నది గేజ్ తయారీని బట్టి ఉంటుంది. పాత గేజ్‌లు కొన్ని నెమ్మదిగా కదులుతాయి, నాలుగైదు సెకన్లు చూడండి. అంతకుమించి పట్టి ఉంచితే గేజ్ లోపలి తీగ కాలిపోవచ్చు.
3. ముల్లు బాగా కదిలితే గేజ్, వైరు రెండూ మంచివే. ఇక మిగిలింది సెన్సర్, లేదా నిజంగానే ప్రెషర్ లేకపోవడం.
4. కదలకపోతే ఇదే పరీక్ష గేజ్ వెనక, సెన్సర్ వైరు వచ్చే పిన్ దగ్గర చేయండి. అక్కడ కదిలితే మధ్యలో వైరు తెగింది. అక్కడా కదలకపోతే ఫ్యూజు, గేజ్‌కి వచ్చే కరెంటు చూడాలి. అవి బాగుంటే గేజే పోయింది.

ఎర్ర లైటుకీ ఇదే పద్ధతి. వైరు ఇనుముకు తాకిస్తే వెలగాలి, తీస్తే ఆరాలి. తీసినా వెలుగుతూనే ఉంటే వైరు ఎక్కడో ఒరిసి బాడీకి తగులుతోంది.

పెట్రోలు గేజ్, టెంపరేచర్ గేజ్ కూడా అదే సమయంలో తప్పు చూపిస్తుంటే ఆయిల్ సెన్సర్ జోలికి పోవద్దు. డ్యాష్‌బోర్డు వెనకున్న వోల్టేజ్ స్టెబిలైజర్‌దో, ఎర్త్ వైరుదో లోపం అయి ఉంటుంది.

మెకానికల్ గేజ్ అయితే

గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయిందా, పగిలిందా చూడండి. గేజ్ దగ్గరి నట్టు కొంచెం వదులు చేసి, కింద పాత గుడ్డ పెట్టి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆయిల్ వస్తే గొట్టం బాగుంది. రాకపోతే గొట్టం మూసుకుపోయి ఉండాలి, లేదా ప్రెషరే లేదు. ప్లాస్టిక్ గొట్టం పాతబడి పెళుసెక్కితే మార్చేయండి. నడిచే బండిలో అది పగిలితే కాలుతున్న ఆయిల్ డ్రైవర్ కాళ్ళ మీద పడుతుంది.

ముల్లు ఊగే తీరు చూసినా తెలుస్తుంది

గతుకుల్లో ముల్లు ఎగిరెగిరి పడితే వైరు వదులు. మలుపు తిరిగినప్పుడో, బ్రేకు కొట్టినప్పుడో మాత్రమే పడితే ఆయిల్ తక్కువగా ఉంది. ఆయిల్ ఒక పక్కకు జారి పంపుకు అందడం లేదన్నమాట. ఈ రెండోది ప్రమాదం.

అసలు తీర్పు: వేరే గేజ్ పెట్టి చూడటం

కొత్త సెన్సర్ వేయించేముందు మెకానిక్‌తో ఈ ఒక్క పని చేయించండి. సెన్సర్ విప్పి, అదే రంధ్రంలో మెకానికల్ టెస్ట్ గేజ్ బిగించి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చదవాలి. అంకెలు బాగుంటే నిశ్చింతగా సెన్సర్ మార్చండి. సెన్సర్‌కి ఎర్త్ దాని మరల గుండానే అందుతుంది. మరలకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే కొత్త సెన్సర్ కూడా తప్పు చూపించవచ్చు.

టెస్ట్ గేజ్‌లో కూడా ప్రెషర్ తక్కువే వస్తే లోపం లోపలే ఉంది. ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చి, కంపెనీ చెప్పిన గ్రేడు వేసి చూడండి. తర్వాత రిలీఫ్ వాల్వ్‌లో మురికి ఇరుక్కుందా, ఛాంబర్‌లో జాలీ మూసుకుపోయిందా చూడాలి. అవీ బాగుంటే పంపో, బేరింగులో అరిగాయి. చిక్కటి ఆయిల్ పోసి, రిలీఫ్ వాల్వ్ స్ప్రింగుకు వాషర్లు పెట్టి ముల్లును పైకి లేపుతామనేవాళ్ళుంటారు. అలా లేచేది ముల్లే గానీ బేరింగు అరుగుదల తగ్గదు.

పాత బండి కొనేటప్పుడు

తాళం ఆన్ చేయగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందు, ఎర్ర ఆయిల్ లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు పోయిందో, ఎవరైనా పీకేశారో అడగండి. చల్లటి ఇంజన్ మీద ప్రెషర్ చూసి మురిసిపోవద్దు. అరగంట నడిపి, వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా చూడండి.

ఇప్పుడు మామూ బండిలో కొత్త సెన్సర్ ఉంది. ముల్లు కాస్త వణికినా ఆయనే ముందు బండి ఆపి, దిగి, డిప్‌స్టిక్ తీస్తారు. ఇంట్లో బండి నడిపే పిల్లలకు కూడా ఈ ఒక్కటి నేర్పండి: ముల్లు పడితే ముందు ఇంజన్ ఆపాలి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు.