ఊకొట్టేవారు లేని కథలు

"భాష చచ్చిపోవడమేమిటండీ, అదేమన్నా మనిషా?" అని అడిగే మిత్రులకు నేను వనికోరో సంగతి చెబుతూ వుంటాను. పసిఫిక్ మహాసముద్రంలో, సాలమన్ దీవుల తూర్పు కొసన వున్న చిన్న దీవి అది. 1788లో ఫ్రెంచి నావికుడు లాపెరూజ్ ఓడలు రెండూ అక్కడి పగడపు దిబ్బలకు కొట్టుకుని మునిగిపోయాయి. ఆ జాడ వెతుకుతూ 1828లో వెళ్ళిన మరో ఫ్రెంచి ఓడలోని వైద్యుడు గేమార్, దీవివాసుల మాటలు కొన్ని కాగితం మీదికి ఎక్కించుకున్నాడు. అంత చిన్న దీవిలోనూ మూడు భాషలుండేవని ఆ పట్టికలే చెబుతున్నాయి.

తెయాను, లొవొనొ, తనేమా అని వాటి పేర్లు. మడగాస్కర్ మొదలు ఈస్టర్ దీవి దాకా పరచుకున్న ఆస్ట్రోనేషియన్ కుటుంబంలోనివి. ఆ కుటుంబంలో భాషలు 1,200కు పైమాటే. 2005లో అలెగ్జాండర్ ఫ్రాన్స్వా అనే ఫ్రెంచి భాషావేత్త రికార్డరు పట్టుకుని వెళ్ళేసరికి, దీవి పాతకాపులంతా తెయానులోకి మారిపోయారు. మిగతా రెంటిలో ఒక్కొక్కటి వచ్చినవారిని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. వాటిని మింగింది ఏ దొరల భాషో అనుకునేరు, పొరుగువారి భాషే!

ఇటువంటి భాషను రికార్డు చేయాలంటే మాటలు ఏరుకుంటే సరిపోదు. కథలు చెప్పించాలి, ఇద్దరిని కూర్చోబెట్టి కబుర్లాడించాలి. వీడియో కూడా తీస్తే, "అదిగో" అన్నప్పుడు చెయ్యి ఎటు చూపిందో తెలుస్తుంది. తరువాత అసలు చాకిరీ. గంటసేపటి మాటలను వాక్యం వాక్యంగా విని, రాసి, అర్థం చెప్పించుకోవడానికి రోజులు పడుతుంది. చెప్పగల మనిషి బతికి వుండగానే అది జరగాలి. లేకపోతే ఆ గొంతు వట్టి చప్పుడుగా మిగిలిపోతుంది.

అలా కూర్చుని వినబట్టే ఫ్రాన్స్వా ఒక వింత కనిపెట్టాడు. మూడు భాషల్లో మాటలకు పొంతన లేదుగాని, వాక్యం కట్టే తీరు దాదాపు ఒకటే! తరతరాలుగా ఇరుగుపొరుగున బతికినవారు ఎవరి మాటలు వారు వుంచుకుంటూనే, మాట్లాడే తీరు పంచుకున్నారన్నమాట. గేమార్ పట్టికలు ఎన్నిసార్లు తిరగేసినా ఇది తెలిసేది కాదు.

ఆ రికార్డులు ఫ్రాన్సులోని పాంగ్లాస్ అనే భాండాగారంలో భద్రంగా వున్నాయి. కథకు ఊకొట్టేవాడుండాలంటారు మన పెద్దవాళ్ళు. యంత్రం వింటుంది, దాచుకుంటుంది; ఊకొట్టడం మాత్రం దానికి రాదు. అది పిల్లల పని. లొవొనొ, తనేమా మాట్లాడే పిల్లలు ఇప్పుడు లేరు. అయినా ఆ శ్రమ వృథా అని నేననను. ఏనాటికైనా ఒక మనుమడికి తాత గొంతు వినాలనిపిస్తే, వినడానికి గొంతంటూ వుంటుంది.